కుట్లు మానాక: బరువు తగ్గించే ఆపరేషన్ తర్వాత మనసు గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

నేను డాక్టర్ని కాదు. గుంటూరులో హైస్కూలు టీచర్ని. 2019లో స్లీవ్ ఆపరేషన్ (కడుపులో ఎక్కువ భాగం తీసేసి సన్నటి గొట్టంలా మిగిల్చేది) చేయించుకున్నాను. అప్పుడు 121 కిలోలు. పదిహేను నెలలకు 74కి వచ్చాను. ఇప్పుడు 81. రెండో ఏడాది మనసు బాగా దెబ్బతిని, ఎనిమిది నెలలు సైకాలజిస్టు దగ్గరికి తిరిగాను. ఆ సంగతి తెలిసినవాళ్లూ, వాళ్ల చుట్టాలూ, ఆ చుట్టాల స్నేహితులూ ఫోన్ చేసి అడిగేవే ఈ ప్రశ్నలన్నీ. ప్రొటీన్ ఎంత, నీళ్లెంత అన్నది ఆస్పత్రివాళ్లు కాగితం మీద రాసిస్తారు. వాళ్లు రాసివ్వని సంగతులు ఇక్కడ రాశాను. మందుల విషయం వచ్చినచోట మాత్రం మీ డాక్టర్ మాటే వినండి, నా మాట కాదు.

ఆపరేషన్ బాగానే జరిగింది. బరువు తగ్గుతోంది. మరి ఏడుపెందుకు వస్తోంది?

మొదటి రెండు మూడు నెలల్లో ఇది చాలామందికి ఉంటుంది. నొప్పి, నిద్రలేమి, రోజంతా నీళ్లలాంటి తిండి, ఒంట్లో హార్మోన్లు అటూఇటూ కావడం. ఇవన్నీ ఒకేసారి మీద పడితే గట్టివాళ్లైనా కదిలిపోతారు.

దీనికి తోడు ఇంకో కారణం ఉంది. తిండి మనకు చాలా ఏళ్లు తోడుగా ఉంది. నా సంగతే చెప్తాను. సాయంత్రం బడి నుంచి వస్తూ బస్టాపు దగ్గర బండి మీద నాలుగు మిరపకాయ బజ్జీలు, పైన ఉల్లిపాయ ముక్కలు, నిమ్మకాయ. హెడ్‌మాస్టర్ తిట్టినా బజ్జీయే, జీతం పడినా బజ్జీయే, మా అమ్మ పోయిన ఏడాది మరీనూ. ఆపరేషన్ అయిన ఆరో వారం, మావారి కంచంలో ముద్దపప్పూ ఆవకాయా, నా ముందు చిన్న గ్లాసులో వడగట్టిన చారు. లేచి పెరట్లోకి వెళ్లి ఏడ్చాను. ఆకలేసి కాదు. ఇక ఆ తోడు లేదని అర్థమై.

ఎవరైనా పోతే పరామర్శకు నలుగురు వస్తారు. ఇక్కడ పరామర్శకు రావాల్సినవాళ్లంతా అభినందించడానికి వస్తారు. అందుకే ఈ దుఃఖం బయటికి చెప్పుకోవడానికి నోరు రాదు. ‘లక్షలు పోసి చేయించుకుని ఇప్పుడు ఏడుస్తావేంటి’ అంటారని భయం. ఏడవండి, అందులో తప్పేమీ లేదు. అయితే రెండు వారాలకు మించి రోజంతా దిగులుగా ఉన్నా, దేని మీదా ఆసక్తి లేకపోయినా, స్నానం చేయడం కూడా బరువనిపించినా అది ఏడిస్తే తీరేది కాదు. డాక్టర్‌కి చెప్పాల్సిందే.

ఆకలి లేదు. అయినా ఏదో ఒకటి తినాలనిపిస్తూనే ఉంది. ఆపరేషన్ ఫెయిల్ అయినట్టా?

కాలేదు. స్లీవ్‌లో జీర్ణాశయంలో దాదాపు 75 నుంచి 80 శాతం తీసేస్తారు. ఆకలి పుట్టించే గ్రెలిన్ హార్మోన్ ఎక్కువగా తయారయ్యేది ఆ తీసేసిన భాగంలోనే. కాబట్టి కడుపులో ఆకలి కొన్ని నెలలు బాగా తగ్గుతుంది. కానీ విసుగొస్తే తినడం, ఒంటరిగా ఉంటే తినడం, టీవీ పెట్టగానే చెయ్యి డబ్బా వెతకడం అనే అలవాట్లు కడుపులో లేవు. వాటిని ఏ సర్జనూ కోసి తీయలేడు.

నాకు మా సైకాలజిస్టు చెప్పిన చిన్న పరీక్ష ఇది. తినాలనిపించినప్పుడు ‘ఇప్పుడు నా ముందు ఉడికించిన గుడ్డు పెడితే తింటానా?’ అని అడుక్కోవాలి. తింటాననిపిస్తే నిజమైన ఆకలి. ‘గుడ్డు వద్దు, కారప్పూస అయితే సరే’ అనిపిస్తే ఆకలేసింది కడుపుకు కాదు. (శాకాహారులు గుడ్డు బదులు ఉప్పులేని పెసరట్టు అనుకోండి.)

కారప్పూస ఊరికే అనలేదు. మెత్తగా కరిగిపోయే చిరుతిళ్లు చిన్న కడుపులోంచి కూడా సులువుగా జారిపోతాయి. అన్నం నాలుగు ముద్దలకే ఆగిపోయే మనిషి, గుప్పెడు గుప్పెడుగా రెండు గంటల్లో పావుకిలో మిక్చర్ తినేయగలడు. బరువు మళ్లీ పెరగడం చాలామందికి మొదలయ్యేది ఇక్కడే.

ఒక నోటు పుస్తకం పెట్టుకోండి. ఏ టైముకు తిన్నారు, ఏం తిన్నారు, దానికి ముందు ఏం జరిగింది. మూడు గడులు చాలు. కాలరీలు వద్దు. నా పుస్తకంలో మూడు వారాలకు తేలిందేమిటంటే, నేను దారి తప్పేది రోజూ ఒకే టైముకు. సాయంత్రం ఐదింటికి, ఖాళీ ఇంటి తాళం తీసిన పది నిమిషాల్లో. నా సమస్య తిండి కాదు, ఆ ఖాళీ ఇల్లని అప్పటిదాకా నాకే తెలియదు.

తిండి ఆగినచోట ఇంకోటి వచ్చి కూర్చోవడం కూడా మామూలే. ఒకరికి ఆన్‌లైన్ చీరలు, ఇంకొకరికి ఫోన్‌లో రమ్మీ. చీరలైతే ఫర్వాలేదనుకోకండి. అప్పు ఎంతయిందో చూసుకోండి.

గుండె దడ, చెమటలు, కళ్లు తిరగడం. ఇది మనసు సంగతా, ఒంటి సంగతా?

ముందు ఒళ్లు చూడండి, తర్వాత మనసు. ఈ వరుస తప్పొద్దు.

తీపి తిన్న పది నిమిషాల నుంచి అరగంట లోపు ఇలా అయితే అది డంపింగ్ కావచ్చు. చక్కెర ఒక్కసారిగా పేగులోకి దిగడం వల్ల వస్తుంది. బైపాస్ (గుండెది కాదు, కడుపును చిన్నది చేసి పేగు దారి మార్చే ఆపరేషన్) చేయించుకున్నవాళ్లకు ఎక్కువ, స్లీవ్ వాళ్లకూ ఉంటుంది. తిన్న గంట నుంచి మూడు గంటల మధ్య వణుకూ చెమటలూ వస్తే రక్తంలో షుగర్ పడిపోయి ఉండొచ్చు. చూడటానికి రెండూ పానిక్ ఎటాక్‌లాగే ఉంటాయి. ప్రసాదం లడ్డూ తిన్న ప్రతిసారీ గుండె ఆగిపోతుందని భయపడి ఇంట్లోంచి కదలడం మానేసిన ఒకావిడ నాకు తెలుసు. కారణం లడ్డూ అని తేలాక సగం భయం పోయింది.

దిగులు, నీరసం, మతిమరుపు, చిరాకు ఉంటే బి12, ఐరన్, డి విటమిన్, థైరాయిడ్ పరీక్షలు చేయించండి. మనలో శాకాహారులకు ఆపరేషన్‌కు ముందే బి12 తక్కువగా ఉండటం మామూలు. విటమిన్ మాత్రలు జీవితాంతం. ‘ఏడాది వేసుకున్నాం కదా’ అని ఆపేసినవాళ్లే ఎక్కువమంది నాకు ఫోన్ చేస్తారు.

ఒక్క సంగతి మాత్రం ఇంట్లోవాళ్లందరికీ చదివి వినిపించండి. వాంతులు రోజుల తరబడి ఆగకుండా ఉండి, మనిషి తికమకగా మాట్లాడుతున్నా, ఒకటి రెండుగా కనిపిస్తున్నా, నడక తూలుతున్నా అది మానసిక సమస్య కాదు. బి1 విటమిన్ బాగా పడిపోయి మెదడు దెబ్బతింటున్న గుర్తు. వెంటనే పెద్దాస్పత్రికి తీసుకెళ్లాలి. ఊళ్లో ఆర్ఎంపీ దగ్గర గ్లూకోజ్ సీసా ఎక్కించి ఇంటికి తెచ్చుకుంటే ఇంకా ప్రమాదం. బి1 ఇవ్వకుండా గ్లూకోజ్ ఎక్కిస్తే పరిస్థితి ముదరొచ్చు. ‘బరువు తగ్గే ఆపరేషన్ అయింది, ముందు బి1 ఇవ్వండి’ అన్న మాట ఇంట్లో ఒక్కరికైనా గుర్తుండాలి.

ముందు నుంచీ డిప్రెషన్ మాత్రలు వాడుతున్నాను. ఆపరేషన్ తర్వాత అవే వాడొచ్చా?

సొంతంగా ఆపకండి, సొంతంగా కొనసాగించకండి. దారి మారిన కడుపులో, ముఖ్యంగా బైపాస్ తర్వాత, కొన్ని మందులు సరిగా ఒంటబట్టవు. రోజంతా నెమ్మదిగా కరిగే రకం మాత్రలతో ఈ ఇబ్బంది ఎక్కువ. లిథియం (మూడ్ మరీ పైకీ కిందికీ ఊగకుండా ఇచ్చే మందు) దీనికి తలకిందులు: రక్తంలో ఎక్కువై విషంలా మారే ప్రమాదం ఉంది. పరీక్షలు తరచుగా చేయించాలి. సర్జన్‌కూ సైకియాట్రిస్టుకూ ఒకరి చీటీ ఒకరికి చూపించే పని మీదే. మన ఆస్పత్రుల్లో వాళ్లిద్దరూ ఒకే లిఫ్టులో దిగుతారు గానీ మాట్లాడుకోరు.

40 కిలోలు తగ్గాను. అద్దంలో ఇప్పటికీ ఆ లావు మనిషే కనిపిస్తోంది. పిచ్చా?

పిచ్చి కాదు. ఒళ్లు తగ్గిన వేగంతో మనసులోని బొమ్మ తగ్గదు. ఏడాది దాటాక కూడా నేను ఆటోలో ఒక మూలకు ముడుచుకునే కూర్చునేదాన్ని, పక్కన ఇంకో ఇద్దరు పట్టేంత చోటున్నా సరే. ప్లాస్టిక్ కుర్చీ కనబడితే ముందు చేత్తో నొక్కి చూసేదాన్ని. ఫంక్షన్‌హాల్లో ఓసారి రెండు కుర్చీల మధ్య సందులోంచి వెళ్లలేనని చుట్టూ తిరిగి వెళ్తుంటే మా చెల్లెలు నవ్వి, చెయ్యి పట్టి ఆ సందులోంచే లాక్కెళ్లింది.

నెలకో ఫొటో ఒకే చోట, ఒకే గోడ ముందు తీసుకోండి. అద్దం అబద్ధం చెప్పినా వరసగా పెట్టిన ఫొటోలు చెప్పవు. తూకం మాత్రం వారానికి ఒక్కసారే. రోజూ మూడుసార్లు మిషన్ ఎక్కడం కూడా ఒక జబ్బే.

వేలాడే చర్మం ఇంకో బాధ. చీర కుచ్చిళ్ల కింద మడత, చేతుల కింద రెక్కల్లా తోలు, వేసవిలో ఒరుపులు. ‘తగ్గాక అందంగా ఉంటాననుకున్నాను, ముసలిదానిలా ఉన్నాను’ అని ఇరవై ఎనిమిదేళ్ల అమ్మాయి చెప్తుంటే ఏం చెప్పాలో నాకు తోచలేదు. చర్మం తీసే ఆపరేషన్ ఉంది. బరువు ఒకచోట నిలిచాక, మామూలుగా ఏడాది నుంచి ఏడాదిన్నర తర్వాత చేస్తారు. చేయించుకున్నా చేయించుకోకపోయినా ఆ చర్మం మీద అసహ్యం తగ్గడానికి థెరపీ పనికొస్తుంది.

జుట్టు ఊడిపోతోంది.

మూడో నెల నుంచి ఆరో నెల దాకా ఊడుతుంది. మళ్లీ వస్తుంది. ప్రొటీన్, ఐరన్ చూసుకోండి. షాంపూల మీద డబ్బు తగలేయకండి.

అక్కా, పెళ్లిళ్లకూ పేరంటాలకూ వెళ్లాలంటే భయమేస్తోంది. ‘ఏంటి తినట్లేదు’ అని అందరూ అడుగుతున్నారు.

మనవాళ్లు ప్రేమను వడ్డించి చూపిస్తారు. ‘నా మీద ఒట్టు, ఇంకొక్క బూరె’ అన్న మాటను కాదనడం అంటే మనిషినే కాదన్నట్టు. మా అత్తగారు నాతో మూడు నెలలు ముభావంగా ఉన్నారు, నేను ఆవిడ పులిహోర రెండు చెంచాలతో ఆపేశానని. తర్వాత ఒక పని చేశాను. ‘అత్తయ్యా, నాకు తినడం కుదరదు గానీ మీరు ఎలా చేస్తారో నేర్పండి’ అని వంటింట్లో పక్కన నిలబడ్డాను. ఆవిడకు కావాల్సింది నేను తినడం కాదు, నేను ఆవిడ దగ్గర కూర్చోవడం.

భోజనాలకు కూర్చునేటప్పుడు బంతి చివర కూర్చోండి, వడ్డించేవాడికి ముందే చెయ్యి అడ్డం పెట్టండి. ‘డాక్టర్ వద్దన్నారు’ అనే మాట ఎవరి దగ్గరైనా పనిచేస్తుంది. అందులో అబద్ధం కూడా లేదు.

ఇంకో రకం మాటలుంటాయి. ‘చిక్కిపోయావే, షుగరొచ్చిందా?’, ‘మొహంలో కళ పోయింది’, ‘ఇంకేముంది, కడుపు కోయించుకుని తగ్గడం ఎవరికైనా వస్తుంది’. ఈ చివరిది గుచ్చుకుంటుంది. కడుపు కోయించుకోవడం సులువనుకునేవాళ్లతో వాదన పెట్టుకోకండి. నేను రెండేళ్లు వాదించాను, ఒక్కరూ మారలేదు.

కార్తీక సోమవారాలకూ రంజాన్‌కూ ఉపవాసం ఉండాలనిపిస్తే, ముఖ్యంగా మొదటి ఏడాది, డాక్టర్‌ని అడగకుండా ఉండొద్దు. చిన్న కడుపుతో ఉన్నవాళ్లకు నీళ్లు తగ్గడం పెద్ద ప్రమాదం.

మా అమ్మాయికి సంబంధాలు చూస్తున్నాం. ఆపరేషన్ సంగతి దాచొచ్చా?

ఈ ప్రశ్న తల్లులే అడుగుతారు, అమ్మాయిలు అడగరు. నా అభిప్రాయం: దాచొద్దు. పొట్ట మీద నాలుగైదు గాట్లుంటాయి. జీవితాంతం మాత్రలుంటాయి. ఆపరేషన్ అయిన పన్నెండు నుంచి పద్దెనిమిది నెలల దాకా గర్భం వద్దంటారు. పైగా బరువు తగ్గాక పీసీఓడీ ఉన్నవాళ్లకు కూడా గర్భం త్వరగా నిలుస్తుంది. బైపాస్ అయినవాళ్లు గర్భం రాకుండా వేసుకునే నోటిమాత్రల మీద ఆధారపడొచ్చో లేదో డాక్టర్‌ని అడగాలి. ఇవన్నీ మొగుడికి తెలియకుండా నడిపించేవి కావు.

అలాగని పెళ్లిచూపుల్లో పదిమంది ముందు ప్రకటించనక్కర్లేదు. ఇద్దరూ ఒకరికొకరు నచ్చాక, తాంబూలాలు పుచ్చుకోకముందు, అమ్మాయే అబ్బాయికి స్వయంగా చెప్పాలి. అమ్మ ద్వారా పెళ్లిళ్ల పేరయ్యకు, పేరయ్య ద్వారా అబ్బాయి మేనత్తకు కాదు. విన్నాక వెనక్కిపోతే ఆ సంబంధం పోవడమే నయం.

నేను తగ్గుతున్నకొద్దీ మావారు దూరమవుతున్నారు. నాకొక్కదానికేనా ఇలా?

మీ ఒక్కరికే కాదు. స్వీడన్‌లో ఆపరేషన్ చేయించుకున్న వేలమందిని గమనించి 2018లో ఒక అధ్యయనం ప్రచురించారు. చేయించుకోనివాళ్లతో పోలిస్తే, ఒంటరివాళ్లు కొత్తగా జతకట్టడమూ ఎక్కువే, జంటలుగా ఉన్నవాళ్లు విడిపోవడమూ ఎక్కువే. మన దగ్గర విడాకుల దాకా వెళ్లకపోవచ్చు గానీ, ఇంట్లో మాటలు తగ్గిపోతాయి.

కాపురం ఒక తూకానికి అలవాటుపడి ఉంటుంది. ఎవరు సర్దుకుపోవాలి, ఎవరు ఎవరి మీద ఆధారపడాలి అన్నది లావుతో ముడిపడి ఉంటే, లావు తగ్గగానే ఆ లెక్క మారుతుంది. నేను పంజాబీ డ్రెస్ వేసుకుని సాయంత్రం నడకకు వెళ్లడం మొదలుపెట్టాక మావారు ‘ఎవరికోసం’ అన్నారు. ఆ ఒక్క మాట మీద నెలరోజులు నడిచింది. చివరికి థెరపిస్టు ఇద్దర్నీ కూర్చోబెడితే తెలిసిందేమిటంటే, ఆయనకు తన పొట్ట మీద సిగ్గు మొదలైంది. అంతే. ఇద్దరం కలిసి బయట తినే ఆదివారాలు పోయాయని కూడా బెంగ. ఆదివారం హోటల్ బదులు అమరావతి వైపు కృష్ణ ఒడ్డుకు వెళ్తున్నాం ఇప్పుడు.

కొట్టడం, తిట్టడం, ఫోన్ లాక్కోవడం దాకా వెళ్తే మాత్రం అది సర్దుకుపోయే వ్యవహారం కాదు. 181కి ఫోన్ చేయండి.

సన్నబడ్డాక మగవాళ్లు చూస్తున్నారు. సంతోషం కాదు, భయమేస్తోంది. మళ్లీ లావైపోతే బాగుండనిపిస్తోంది.

చాలా తక్కువమంది ఈ ప్రశ్న అడగగలుగుతారు. అడిగినవాళ్లకు ముందుగా చెప్పేదొకటే: మీలో లోపమేమీ లేదు.

1985లో అమెరికాలోని శాన్‌డియాగోలో విన్సెంట్ ఫెలిట్టి అనే డాక్టర్ ఊబకాయం తగ్గించే క్లినిక్ నడిపేవారు. ఒక వింత గమనించారు. బాగా తగ్గుతున్నవాళ్లే మధ్యలో మానేస్తున్నారు. ఎందుకని కూర్చుని అడిగితే, వాళ్లలో చాలామంది చిన్నతనంలో లైంగిక వేధింపులకు గురైనవాళ్లని బయటపడింది. లావు వాళ్లకు జబ్బు కాదు, కవచం. ఆ కవచం ఊడుతుంటే భయమేసి పారిపోతున్నారు. అక్కడి నుంచి మొదలైన పరిశీలన పదిహేడు వేల మందికి పైగా పాల్గొన్న పెద్ద అధ్యయనమైంది, దాని మొదటి ఫలితాలు 1998లో అచ్చయ్యాయి. బాల్యంలో తగిలిన దెబ్బలకూ పెద్దయ్యాక వచ్చే రోగాలకూ ఉన్న లంకె అందులో తేలింది.

మీకూ అలాంటిది ఉంటే నోటు పుస్తకాలూ గుడ్డు పరీక్షలూ సరిపోవు. ఇలాంటి గాయాల మీద పనిచేసిన అనుభవమున్న క్లినికల్ సైకాలజిస్టు కావాలి. మొదటి రోజే అంతా చెప్పాలని లేదు. ‘ఒక విషయం ఉంది, ఇంకా చెప్పలేను’ అంటే చాలు. మంచి థెరపిస్టు ఆగుతారు. ఆగకుండా గుచ్చి గుచ్చి అడిగితే మార్చేయండి.

అప్పుడప్పుడూ మందు తాగడం అలవాటు. ఇప్పుడు ఫర్వాలేదా?

మగవాళ్లు నాకు ఫోన్ చేసేది ఎక్కువగా దీనికోసమే. ఆపరేషన్ తర్వాత, ముఖ్యంగా బైపాస్ అయితే, మందు కొన్ని నిమిషాల్లోనే రక్తంలోకి ఎక్కుతుంది, కొంచెం తాగినా ఎక్కువ ఎక్కుతుంది. ఇదివరకు రెండు పెగ్గులు తాగి బండి నడిపిన మనిషి ఇప్పుడు ఒక్కదానికే తూలతాడు. అమెరికాలో పది ఆస్పత్రుల రోగులను చూసిన ఒక అధ్యయనంలో, మద్యం సమస్య ఉన్నవాళ్లు ఆపరేషన్‌కు ముందు 7.6 శాతం, రెండో ఏడాదికి 9.6 శాతం. మొదటి ఏడాదిలో పెరగలేదు, రెండో ఏడాదిలో పెరిగింది. ఆ ‘రెండో ఏడాది’ దగ్గర ఒక గీత గీసి ఉంచుకోండి, కింద మళ్లీ వస్తుంది.

తిండి చేసిన ఉద్యోగంలో మందు చేరిపోతే దాన్ని మాన్పించడం కష్టం. నన్నడిగితే అసలు ముట్టుకోవద్దు.

రెండేళ్లు కావస్తోంది. ఐదు కిలోలు పెరిగాను. ఎవరికీ మొహం చూపించలేకపోతున్నాను.

ఈ పేజీ రాయాలనుకున్నదే ఈ ప్రశ్నకోసం.

మొదటి ఏడాది పండగ. వారం వారం తూకం తగ్గుతుంది, బట్టలు వదులవుతాయి, షుగర్ మాత్రలు తగ్గుతాయి, కనబడినవాళ్లంతా పొగుడుతారు. రెండో ఏడాది తూకం ఆగిపోతుంది. పొగిడేవాళ్లూ ఆగిపోతారు, ఎందుకంటే వాళ్ల కళ్లకు మీరు ఇలాగే ఉండేవాళ్లన్నట్టు అలవాటైపోయారు. ఆకలి కొంచెం కొంచెంగా తిరిగొస్తుంది. ఆస్పత్రి నుంచి ఫాలోఅప్ ఫోన్లు ఆగిపోతాయి. లావు పోతే పోతాయనుకున్న అప్పులు, అత్తింటి గొడవలు, ఒంటరితనం అక్కడే ఉన్నాయని అప్పుడు కనబడుతుంది. ఇన్నాళ్లూ తప్పంతా లావు మీద వేశాం. ఇప్పుడు వేయడానికి లావు లేదు.

పెరగడం సంగతి. స్వీడన్‌లో ఇలాంటి ఆపరేషన్లు చేయించుకున్నవాళ్లను ఇరవై ఏళ్లు వెంబడించి చూశారు. సగటున రెండేళ్లకు 23 శాతం బరువు తగ్గారు. పదేళ్లకు ఆ తగ్గుదల 17 శాతం, ఇరవై ఏళ్లకు 18 శాతం. అంటే అడుగుకు దిగి కొంచెం పైకొచ్చి నిలబడటమే ఈ ఆపరేషన్ మామూలు నడక. నా 74 నుంచి 81 కూడా అదే. నేను అది తెలియక, ఏడు కిలోలు పెరిగినందుకు ఫాలోఅప్ మానేశాను. డాక్టర్ తిడతారని. పది నెలలు వెళ్లలేదు. మనలో ఎక్కువమంది చేసే తప్పు ఇదే: సాయం కావాల్సిన రోజునే ఆస్పత్రి మొహం చూడం.

ఐదు కిలోలకు మొహం దాచుకోకండి. పెరుగుదల ఆగకపోతే మాత్రం డైటీషియన్, థెరపిస్టు, అవసరమైతే మందులు. బరువు తగ్గించే వారానికో ఇంజెక్షన్ రకాలు 2025 నుంచి మన దేశంలోనూ దొరుకుతున్నాయి. అవి డాక్టర్ రాస్తేనే.

ఇంకా ఆపరేషన్ కాని వాళ్లు ఎవరైనా చదువుతుంటే ఒక మాట. డబ్బు లెక్కేసుకునేటప్పుడు రెండో ఏడాది థెరపీకి కూడా కొంత పక్కన పెట్టండి. ఆపరేషన్ ప్యాకేజీలో అది ఉండదు.

చచ్చిపోవాలనిపిస్తోంది. ఎవరికి చెప్పాలి?

ఇప్పుడే 14416కి ఫోన్ చేయండి. టెలీ మానస్ అంటారు, కేంద్ర ప్రభుత్వానిది, 2022 అక్టోబరులో మొదలైంది. రాత్రీపగలూ ఉంటుంది, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడతారు. ప్రాణాపాయంలో ఉంటే 112. ఒంటరిగా ఉండకండి, పక్కింటివాళ్లనైనా పిలిచి కూర్చోబెట్టుకోండి.

దీన్ని దాచకుండా రాయడానికి కారణముంది. కెనడాలోని ఒంటారియోలో 8,815 మందిని ఆపరేషన్‌కు ముందు మూడేళ్లు, తర్వాత మూడేళ్లు గమనిస్తే, తమకు తాము హాని చేసుకుని ఎమర్జెన్సీకి వచ్చిన సందర్భాలు తర్వాతి కాలంలో దాదాపు సగం పెరిగాయి. ఎక్కువగా రెండో, మూడో ఏడాదిలో. అలా వచ్చినవాళ్లు మొత్తం మీద 111 మందే, వందకు ఒకరికి కొంచెం ఎక్కువ. వాళ్లలో చాలామందికి ముందునుంచే మానసిక సమస్య ఉంది. ఆపరేషన్ చేయించుకోవద్దని దీని అర్థం కాదు. ఎప్పుడు కనిపెట్టుకుని ఉండాలో ఇంట్లోవాళ్లకు తెలియాలని. ‘అంతా బాగుందిగా, ఇంకేం బాధ’ అని కొట్టిపారేయకండి.

థెరపీ అంటే ఏం చేస్తారు? మాట్లాడితే తగ్గుతుందా?

నేనూ అలాగే అనుకున్నాను. మొదటి రోజు నలభై ఐదు నిమిషాలు కూర్చుని, ‘మాట్లాడ్డానికి మా స్టాఫ్‌రూమ్ లేదా’ అనుకుంటూ బయటికొచ్చాను.

తేడా మూడో వారం తెలిసింది. స్టాఫ్‌రూమ్‌లో సలహాలిస్తారు. ఇక్కడ ప్రశ్నలడుగుతారు. ‘ఒక బిస్కెట్ తింటే రోజంతా పాడైనట్టే’ అని నేనంటే, ‘మీ క్లాసులో పిల్లాడు ఒక లెక్క తప్పు చేస్తే పేపరంతా సున్నా వేస్తారా?’ అన్నారావిడ. ఇరవై ఏళ్లుగా పేపర్లు దిద్దుతున్నదాన్ని, నాకే ఆ లెక్క తట్టలేదు. ఇలా ఆలోచనను పట్టుకుని నిలదీసే పద్ధతిని సీబీటీ అంటారు. తినాలన్న తపన వచ్చినప్పుడు దాంతో కుస్తీ పట్టకుండా, అల వచ్చి వెళ్లేదాకా చూస్తూ కూర్చోవడం నేర్పే పద్ధతులూ ఉన్నాయి. నాకు ఇరవై నిమిషాల్లో ఆ అల దిగిపోయేది. ఆ ఇరవై నిమిషాలకూ ఒక పని పెట్టుకోవాలి: మల్లెమొక్కలకు నీళ్లు పోయడం, చెల్లెలికి ఫోన్.

ఎన్నాళ్లంటే చెప్పలేం. నాకు మొదట వారానికొకసారి, తర్వాత పదిహేను రోజులకోసారి, మొత్తం ఎనిమిది నెలలు. ఇప్పటికీ మా అమ్మ సంవత్సరీకం నెలలో ఒకసారి వెళ్లొస్తాను.

ఎవరి దగ్గరికి వెళ్లాలి? ఖర్చు ఇన్సూరెన్స్ ఇస్తుందా?

మందులు రాసేది సైకియాట్రిస్టు, అంటే డాక్టర్. థెరపీ చేసేది క్లినికల్ సైకాలజిస్టు. వాళ్లకు రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి, మొహమాటపడకుండా అడగండి. ‘కౌన్సెలర్’ అన్న బోర్డు ఎవరైనా పెట్టుకోవచ్చు. మొదటి రోజే ‘బరువు తగ్గే ఆపరేషన్ అయినవాళ్లను ఇంతకుముందు చూశారా’ అని కూడా అడగండి. డబ్బు లేకపోతే హైదరాబాద్ ఎర్రగడ్డలోనూ, విశాఖలోనూ ప్రభుత్వ మానసిక వైద్యశాలలున్నాయి. బోధనాసుపత్రుల్లో సైకియాట్రీ ఓపీ ఉంటుంది. ఎర్రగడ్డ పేరు చెప్తే నవ్వుతారని వెళ్లనివాళ్లున్నారు. నవ్వేవాళ్లు మీ ఫీజు కట్టరు.

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం ఒంటి జబ్బులకు ఎలాగో మానసిక జబ్బులకూ ఇన్సూరెన్స్ అలాగే ఇవ్వాలి. కానీ మన పాలసీలు ఎక్కువగా ఆస్పత్రిలో చేరితేనే డబ్బిస్తాయి. వారం వారం వెళ్లే థెరపీకి ఓపీ కవర్ ఉన్న పాలసీ అయితేనే వస్తుంది.

మేం అమెరికాలో ఉంటాం. హైదరాబాద్‌లో చేయించుకుని వెళ్లిపోయాను. ఇక్కడెవరికీ నా గోడు అర్థం కావట్లేదు.

సెలవు పెట్టి వచ్చి, నాలుగు వారాలకు విమానమెక్కేవాళ్లు ఎక్కువయ్యారు. ఆపరేషన్ ఏ రకం, ఏ తేదీ, ఏం తీశారు అన్న కాగితాలు అక్కడి డాక్టర్‌కి మొదటి నెలలోనే ఇవ్వండి. అక్కడ థెరపిస్టులకు లైసెన్సు రాష్ట్రాన్ని బట్టి ఉంటుంది, మీ రాష్ట్రంలో తెలుగు మాట్లాడేవాళ్లు దొరికితే అదృష్టమే. దొరక్కపోతే ఇంగ్లిషులోనే వెళ్లండి, ఆగొద్దు. ‘అత్తగారు బూరెలు పెడితే తినకపోవడం’ అంటే ఏమిటో మొదటి గంటంతా వివరించాల్సి వస్తుంది, ఫర్వాలేదు. వివరిస్తుంటే మనకే కొన్ని కొత్తగా అర్థమవుతాయి.

పాత బట్టలు ఏం చేయాలి?

నవ్వొస్తుంది గానీ ఎక్కువమంది అడిగేది ఇదే. కొందరు ఒక్క రోజులో అన్నీ పంచేస్తారు, కొందరు బీరువా తాళం కూడా తీయరు. పంచేయండి, కానీ ఒక్కసారిగా వద్దు. సైజుకు ఒకటి రెండు ఉంచుకోండి. ఐదు కిలోలు పెరిగిన రోజు వేసుకోవడానికి ఏమీ లేకపోతే అదో పెద్ద అవమానంలా కనబడుతుంది. మొదటి ఏడాది ఖరీదైనవి కుట్టించుకోకండి, నా జాకెట్లు మా టైలర్ నాలుగుసార్లు బిగించాడు. ఐదోసారి తీసుకెళ్తే ‘మేడమ్, ఇక లోపల గుడ్డ కోసేయనా?’ అన్నాడు. వద్దు, రెండంగుళాలు వదిలెయ్ అన్నాను. ఆ తర్వాత ఏడాది ఒక అంగుళం విప్పించుకున్నాను. ఇంకో అంగుళం అలాగే ఉంది.